రెండో భాగం

మొదటి భాగం చూసినవాళ్ళు రెండో భాగానికి ఎందుకు పరిగెడతారంటే ఏం చెబుతాం? "కథ తెలుసుకోడానికి" అంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని, మా అత్తయ్యగారితో కలిసి 'బాహుబలి' రెండో భాగం చూసేదాకా.

మొదటిది 2015 జూలైలో వచ్చింది. రెండోది వచ్చేసరికి 2017 ఏప్రిల్. ఆ మధ్యకాలమంతా సికింద్రాబాదులో ఏ పెళ్ళికెళ్ళినా, ఏ కూరల బండి దగ్గర నిలబడ్డా ఒకటే ప్రశ్న: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? తీరా మాకు టిక్కెట్లు దొరికిన రోజు పొద్దున్నే, పక్కింటి కుర్రాడు మెట్లమీద నిలబడి జవాబు కాస్తా చెప్పేశాడు. నా ప్రాణం ఉసూరుమంది.

"పోన్లేవే అమ్మాయ్! రావణుడు చస్తాడని తెలియకనా ఏటేటా హరికథకి వెళ్ళేవాళ్ళం?" అన్నారు అత్తయ్యగారు.

హాల్లో నేను కత్తులూ ఏనుగులూ చూస్తున్నాను. ఆవిడ మాత్రం దేవసేననే చూస్తున్నారు. మొదటి భాగంలో దేవసేన ఎవరు? పాతికేళ్ళుగా సంకెళ్ళలో ఉండి ఎండుపుల్లలు ఏరుకునే ముసలామె. రెండో భాగంలో ఆ మనిషే పడుచుపిల్లై, ఒకేసారి మూడు బాణాలు వెయ్యడం నేర్చుకుంటుంటే హాలంతా ఈలలు. అత్తయ్యగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

"ఆ చేతులకే కదే రేపు సంకెళ్ళు పడేది!" అన్నారు.

చివరికి ఆ ఎండుపుల్లల చితిమీదే భల్లాలదేవుడు కాలిపోయాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఏనుగుల్ని రెట్టింపు చేసినంత మాత్రాన రెండో భాగం అయిపోదు. మనం చూసేశామనుకున్నదాన్నే కొత్తగా చూపించాలి. 1984లో వచ్చిన 'టెర్మినేటర్'లో చంపడానికి వెంటబడ్డ ముఖమే, 1991 నాటి రెండో భాగంలో కాపాడ్డానికి వచ్చింది. హోటల్లో ప్లేట్లందిస్తూ, ప్రాణభయంతో పరుగులు తీసిన సారా ఈసారి తనే తుపాకి పట్టింది. ఫైటింగులంటే పడని నేను కూడా ఆ క్యాసెట్టు రెండుసార్లు చూశాను.

ఇదంతా నాకెందుకంటారా? అప్పటికి నా నవల ఒకటి, కథానాయిక ఇల్లొదిలి సికింద్రాబాదు స్టేషన్లో రైలెక్కడంతో ముగించాను. "తర్వాతేమైంది?" అని ఒకటే ఉత్తరాలు. రెండో భాగం మొదలుపెట్టి, పాపం ఆ పిల్లకి గయ్యాళి ఇంటావిడనిచ్చాను, కోర్టు కేసు పెట్టాను, జ్వరం కూడా తెప్పించాను. ఎంతకీ కదలదే!

ఆ రాత్రి మజ్జిగ కలుపుతూ ఆ మాటే చెప్పాను.

"ఇల్లొదిలిందని రాశావు సరే. ఆ ఇంటికి ఎంత సంబరంగా వచ్చిందో ఎక్కడైనా రాశావుటే?" అన్నారావిడ.

రాయలేదు. తోచనేలేదు.

ఆ వారమే పాత కాగితాలు చింపేశాను. కొత్తగా రాసిన మొదటి పేజీలో ఆమె అదే స్టేషన్లో, అదే పెట్టెతో, పసుపుబట్టలతో దిగింది. పెట్టెకింకా రంగు పోలేదు. అత్తయ్యగారికి చదివి వినిపించాను. జరగబోయేదేమిటో ఆవిడకి తెలుసు. అయినా,

"ఊఁ, తర్వాత?" అన్నారు.