నీలగిరులలో పద్దెనిమిది గుంటల ఆట

నీలగిరి పర్వతశ్రేణిలో సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున నెలకొన్న ఉదకమండలాన్ని గురించి వినని వారు మనలో అరుదు. ఎల్.టి.సి. సదుపాయాన్ని వినియోగించుకొని మా రెండు కుటుంబాలవారము, పిన్నలూ పెద్దలూ కలిసి ఎనమండుగురము, గత దసరా సెలవులలో ఆ యాత్రకు బయలుదేరాము.

మేట్టుపాళయం నుంచి 46 కిలోమీటర్ల కొండ రైలు ప్రయాణమే ఒక వేడుక. 1908లో ఊటీ వరకు పూర్తయిన ఈ మార్గంలో, కల్లార్, కూనూరుల నడుమ పట్టాల మధ్య పళ్ల కడ్డీని అమర్చారు. ఇంజనుకున్న పళ్లచక్రం ఆ కడ్డీని పట్టుకొని, దాదాపు పన్నెండడుగులకు ఒక అడుగు చొప్పున, పైకి ఎగబాకుతుంది. యునెస్కో 2005లో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. శతాధిక వత్సరాల ఏర్పాటు నేటికీ పనిచేస్తున్నదంటే, దానిని నిత్యమూ తుడిచి, నూనె వేసి, పరీక్షించే చేతులున్నాయని అర్థం. యంత్రాల నడుమ జీవితం గడిపే మనకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

మా బృందంలో అందరికంటే పెద్దవారు బామ్మగారు. వయస్సు డెబ్బది నాలుగు. ఏడాది క్రితం మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. 2,637 మీటర్ల దొడ్డబెట్ట శిఖరమూ, 1848 నాటి వృక్షోద్యానపు ఎగుడుదారులూ ఆమెకు దూరం నుంచి చూచి ఆనందించవలసినవే. అందుకే తొమ్మిదేళ్ల మనుమడితో సమానంగా ఆమె కూడా ఆడగల ఆట ఒకటి ఉండాలని, పట్టణపు శివార్లలో మినీ గోల్ఫ్ మైదానమున్న ఒక రిసార్టును ఏరికోరి ఎంచుకున్నాము. పద్దెనిమిది గుంటలు, అన్ని వయసులవారికీ అనువైన ఆట అని వారి కరపత్రంలో రంగుల బొమ్మలతో సహా ఉన్నది. బామ్మగారు ప్రయాణానికి వారం ముందునుంచే చేతికర్రతో నిమ్మకాయను దొర్లించి సాధన చేశారు.

ఈ ఆట పుట్టుకలో కూడా ఇటువంటి ఉద్దేశమే ఉన్నది. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో స్త్రీలు భుజం మీదుగా కర్రను ఎత్తి బంతిని కొట్టడం మర్యాద కాదని భావించిన కాలమది. 1867లో అక్కడి స్త్రీలు తమకంటూ ఒక సంఘాన్ని ఏర్పరచుకొని, బంతిని నేలమీద దొర్లించి గుంటలో పడవేసే ఆటకు ఒక చిన్న మైదానాన్ని సమకూర్చుకున్నారు. మిట్టపల్లాలతో నిండిన ఆ పచ్చికకు 'హిమాలయాలు' అని పేరు వచ్చింది. పెద్ద ఆటలో చోటు దక్కనివారికి చోటు కల్పించడమే చిన్న ఆట గొప్పతనం. బలంతో పనిలేదు, చూపూ, ఓర్పూ చాలు.

ఇంత ఆశతో వెళ్లిన మాకు మైదానం ముఖద్వారం వద్దనే నిజం బోధపడింది. టిక్కెట్లు పూర్తి ధరకే ఇచ్చారు. ఎనమండుగురికి దొరికినవి మూడు కర్రలు. మూడూ పెద్దల కొలతవే. పిల్లవాడు కర్రను సగానికి పట్టుకోవలసి వచ్చింది. మొదటి గుంట నిండా వాననీరు. రెండవదాని తివాచీ చిరిగి లేచిపోయింది. నాలుగవ చోట గాలిమర రెక్క సరిగ్గా బంతి పోయే దారికి అడ్డంగా బిగుసుకొని ఉన్నది. ఏడవ గుంటకు పోవడానికి ఉన్న చెక్క వంతెనకు రెండు పలకలు లేవు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. బామ్మగారు అక్కడే ఆగిపోయారు. అటుపైన యూకలిప్టస్ ఆకుల కింద గుంట ఏదో, నేల ఏదో తెలియలేదు.

కావలి మనిషి మంచివాడు. మా అవస్థ చూచి చీపురు తెచ్చాడు. తోటపని, పడవల పని, ఈ మైదానం, మూడూ తానొక్కడే చూస్తున్నానని వచ్చీరాని హిందీలో చెప్పుకున్నాడు. "ఆటకు పిలిచి చీపురు చూపించినట్లుంది" అని బామ్మగారు నవ్వారు గాని, ఆ తరువాత బల్లమీద కూర్చున్నవారు మరి లేవలేదు. ఆడదగినవని తేలిన అయిదు గుంటలలో నాలుగు వంతెనకు అవతలనే ఉన్నాయి. మనుమడు అవతల ఆడుతూ దెబ్బల లెక్క కేక వేసి చెప్పాడు; ఆమె ఇవతలినుంచి వేళ్లమీద లెక్కించారు. కలిసి ఆడవలసినవారు అలా ఒడ్డుకొకరుగా మిగిలారు.

నీలగిరులకు నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండింటి వానలూ పడతాయి. అటువంటి చోట తివాచీ కింది నేలకు వాలు ఉండాలి. గుంట అడుగున నీరు పోయే దారి ఉండాలి. రాలిన ఆకును ఏ రోజుకారోజు ఊడ్వాలి. లేకుంటే తడి నిలిచి నాచు పడుతుంది, బంతి దొర్లదు. ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు, శ్రద్ధ కావాలి.

కార్యాలయంలో డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదన్నారు. సూచనల పుస్తకం చేతికిచ్చారు. తిరగవేస్తే మాకు ముందు వచ్చినవారు అవే మాటలు వ్రాసి ఉన్నారు: నీరు, వంతెన, కర్రలు. ఒక్క పుటలోనూ సమాధానం లేదు. మేమూ వ్రాసి సంతకం చేశాము.

ఇటువంటి విడిదికి వెళ్లదలచిన సహోద్యోగులు గుంటలెన్ని అని కాక, నేడు ఆడదగినవి ఎన్ని అని, పిల్లల కర్రలున్నాయా, మెట్లకూ వంతెనలకూ కమ్మీలున్నాయా అని ముందుగా అడగవలసినదిగా మనవి. ఇంకొక మాట. తిరిగి వచ్చిన ఆదివారం మన కాలనీ పిల్లల పార్కుకు వెళ్లాము. జారుడుబల్ల మూడవ మెట్టు తుప్పుపట్టి ఊగుతున్నది. ప్రక్కన పెద్దలు కూర్చునే బల్లకు చేరే దారిలో రెండు పలకరాళ్లు లేచి ఉన్నాయి. ఈ రెండింటినీ గురించి ఎస్టేట్ విభాగానికి లేఖ అందజేశాము. బామ్మగారు ఆ లేఖపై తమ సంతకం కూడా ఉండాలని పట్టుబట్టి, అందరికంటే ముందు తామే చేశారు.