అరకు దారిలో ఆటబొమ్మ

మా ఇంట్లో మొన్నటిదాకా ఒక ఆటబొమ్మ ఉండేది. రెండు చేతులతో పట్టుకొనే పలకవంటిది. మధ్య ఏడంగుళాల తెర, ఇరుపక్కలా మీటలూ, బొత్తాలూ. తాతగారిచ్చిన డబ్బుకు తన ట్యూషన్ల సంపాదన చేర్చి మా అబ్బాయి కొన్నాడు. "ఇంత డబ్బు పోసి ఆటబొమ్మా?" అని నేను వారం రోజులు వాడితో సరిగా మాట్లాడలేదు.

ఆటబొమ్మ అన్నానే గాని, అది నిజానికి కంప్యూటరే. వాల్వ్ అనే అమెరికా కంపెనీ 2022 ఫిబ్రవరిలో స్టీమ్ డెక్ అనే దాన్ని బజారులోకి తెచ్చింది. బరువు 669 గ్రాములు. లినక్స్ మీద నడుస్తుంది. మరుసటి ఏడు విండోస్‌తో నడిచే ఏసస్ వారి రాగ్ ఎలై వచ్చింది. మా ఇంటిదీ ఈ జాతిదే.

దాని విలువ నాకు నిరుడు తెలిసింది. మా అపార్టుమెంటు సంఘం జమాఖర్చులు నేను చూస్తాను. సరిగ్గా లెక్కలు అప్పజెప్పే వారంలో నా లాప్‌టాప్ కన్నుమూసింది. మావాడు ఏమీ అనకుండా ఆ పలకకు ఒక తీగ తగిలించి టీవీకి కలిపాడు, కీబోర్డు నా ముందు పెట్టాడు. "కానీయ్ నాన్నా!" అన్నాడు.

అప్పటినుంచి పగలు అది నాది, రాత్రి వాడిది. మధ్యలో వాళ్లమ్మది. కరెంటు బిల్లు, ఉత్తరాలు, లెక్కలు అన్నీ దానిమీదే. ఇబ్బందులు లేకపోలేదు. ఎండాకాలంలో దాని ఫ్యాను రొద పెడుతుంది. టీవీ లేనప్పుడు ఆ బుల్లితెర మీద తెలుగు అక్షరాలు కనిపిస్తాయి గాని ఒత్తులు కనిపించవు. 'అమ్మ'కూ 'అమ'కూ తేడా తెలియక కళ్లజోడు తుడుచుకొన్న రోజులున్నాయి.

ఈ జూలైలో వాడికి దూరపు ఊళ్లో పై చదువుకు సీటు వచ్చింది. వెళ్లేలోగా ఒకసారి అరకు చూసి వద్దామన్నాడు. ఉదయం ఏడు కాకముందే విశాఖలో కిరండూల్ పోయే రైలెక్కాము. సంఘం లెక్కలు ఆ సాయంత్రానికే పంపాలి కనుక పలక కూడా మాతో బయలుదేరింది.

బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి 1960లలో వేసిన దారి ఇది. శృంగవరపుకోట దాటాక కొండ మొదలవుతుంది. కొత్తవలస నుంచి కిరండూల్ వరకు 58 సొరంగాలు. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు "ఓ..." అని కేకలు. బయట వాన, లోయలో మబ్బులు. నేనేమో తల వంచుకొని అంకెలు కూడుతున్నాను.

"మెల్లగా రాసుకో నాన్నా, బాటరీకేం ఫరవాలేదు. 40 వాట్-గంటలు. నీ లెక్కలకు గంటకు ఎనిమిది చాలు, ఐదు గంటలు వస్తుంది. నా ఆటకైతే ఇరవై కావాలి, రెండు గంటలకు సరి" అన్నాడు వాడు. వాడూ లెక్కలు చూస్తున్నాడన్నమాట. నా పని సాగాలని వాడు ఎన్ని సాయంత్రాలు ఆట మానుకొన్నాడో నేనెప్పుడూ లెక్కవేయలేదు.

త్యాడ దాటాక పుస్తకం మూశాను. "ఏదీ, నీ ఆట ఒకటి చూపించు" అన్నాను. వాడు నమ్మలేదు. తరువాత కారు పందెం తెరిచి నా చేతికిచ్చాడు. ప్రతి మలుపులోనూ నా కారు గోతిలో పడింది. ఇంతలో సొరంగం వచ్చింది. మా పెట్టెలో దీపాలు వేయలేదు. ఆ తెర వెలుగొక్కటే వాడి ముఖం మీద పడుతూంది. వాడు నా బొటనవేలి మీద తన వేలు పెట్టి మీటను మెల్లగా తిప్పించాడు. "ఇలా నాన్నా, తొందరపడకు."

పదిహేడేళ్ల క్రితం ఇట్లాగే వాడి చేయి పట్టుకొని పలక మీద అ, ఆలు దిద్దించాను. అప్పుడు నేను ఇంత ఓపిక చూపానా అంటే, లేదు.

బొర్రా గుహల స్టేషను, శిమిలిగుడ ఎప్పుడు దాటామో తెలియలేదు. అరకులో దిగేసరికి బాటరీ అడుగంటింది. కాఫీ హోటలువాడిని బతిమాలి పలకకు చార్జి పెట్టి, మావాడి ఫోను ద్వారా లెక్కలు పంపించాను.

ప్రయాణం రోజున వాడు పెట్టె సర్దుతూ, "పలక ఇక్కడే ఉంచనా నాన్నా?" అని అడిగాడు.

"తీసుకుపో. చదువుకు పనికివస్తుంది" అన్నాను. వాళ్లమ్మ నావైపు చూసి నవ్వింది.

కీబోర్డు మాత్రం ఇంకా బల్లమీదే ఉంది. ఈ నాలుగు ముక్కలూ కాగితం మీద కలంతో వ్రాశాను. ఒత్తులు చక్కగానే కనిపిస్తున్నాయి.