బిలాస్‌పూర్ రైలు కాలనీ చెప్పే కథ

విజయనగరం విడిచిన రైలు పార్వతీపురం, రాయగడల మీదుగా కొండలను దాటి, టిట్లాగఢ్, రాయపూర్‌ల గుండా బిలాస్‌పూర్ చేరేసరికి తెలుగునాడు ఎంతో వెనుకబడిపోయినట్లు తోస్తుంది. కాని స్టేషన్ వెలుపలి రైల్వే కాలనీలో నాలుగడుగులు వేసిన ప్రయాణికునికి ఏ అరుగు మీదనుంచో తెలుగు పలుకు వినిపించక మానదు. తాతలనాడు రైలు కొలువు కోసం ఉత్తరాంధ్ర గ్రామాలు విడిచి వచ్చినవారి సంతతి ఇక్కడ స్థిరపడింది.

అర్పా నది ఒడ్డున ఉన్న పాత ఊరు వేరు. రైలు పట్నం వేరు. ఈ రెండవదాన్ని సృష్టించింది 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ. 1891 నాటికి నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ వరకు పట్టాలు పడ్డాయి. కట్నీ వైపు శాఖ చీలడంతో బిలాస్‌పూర్ పెద్ద కూడలి అయింది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైంది. కోర్బా గనుల బొగ్గును మోసుకుపోయే గూడ్సు బండ్లు రేయింబవళ్లు ఈ దారిన సాగుతూనే ఉంటాయి.

ఆ కంపెనీ కార్మికులను కూడగట్టినవారిలో ఒక తెలుగువాడు ఉండడం మనకు గర్వకారణం. బరంపురంలో 1894లో పుట్టిన వరాహగిరి వెంకటగిరి, ఉద్యోగాలు పోగొట్టుకున్న కార్మికుల పక్షాన 1928లో ఈ రైల్వేలో శాంతియుత సమ్మె నడిపించారు. ఆయనే 1969లో రాష్ట్రపతి అయ్యారు.

చరిత్ర ఇక్కడ ఒక చిత్రమైన మలుపు తిరిగింది. 1974 మే 8న జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వాన దేశమంతటా రైల్వే సమ్మె మొదలైంది. బోనసు, జీతాల సవరణ, ఎనిమిది గంటల పని కార్మికులు కోరినవాటిలో ముఖ్యమైనవి. ప్రభుత్వం వేలాదిమందిని నిర్బంధించింది. పలుచోట్ల క్వార్టర్లలోని కుటుంబాలను వీధిలోకి నెట్టింది. మే 27న సమ్మె ముగిసింది. అప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఒకనాటి రైల్వే కార్మిక నాయకుడే! మంత్రివర్గ సలహాకు కట్టుబడవలసిన పదవి అది. ఉద్యమం తన మనిషిని గద్దె మీద కూర్చోబెట్టినంత మాత్రాన గద్దె స్వభావం మారిపోదని కార్మికులకు తెలిసివచ్చింది.

ఈ సత్యం మన దేశానికే పరిమితం కాదు. 1980 ఆగస్టులో పోలండ్‌లోని గ్దాన్‌స్క్ ఓడల కర్మాగారంలో సమ్మె చేసిన కార్మికుల మొదటి కోరిక స్వతంత్ర సంఘం. అలా పుట్టిన ‘సాలిడారిటీ’లో అచిరకాలంలోనే కోటిమంది చేరారు. 1981 డిసెంబరులో సైనిక శాసనం దాన్ని అణచివేసినా, 1989లో కమ్యూనిస్టు ప్రభుత్వమే ఆ సంఘంతో చర్చలకు కూర్చుంది. ఆ జూన్ ఎన్నికలలో సాలిడారిటీ ఘనవిజయం సాధించింది. మరుసటి సంవత్సరం డిసెంబరులో ఎలక్ట్రీషియన్ లేహ్ వవెన్సా దేశాధ్యక్షుడయ్యాడు.

కాని స్వేచ్ఛతోపాటు ధరలూ, నిరుద్యోగమూ వచ్చాయి. 1990 జనవరిలో మొదలైన ఆర్థిక సంస్కరణల భారం శ్రామికుల మీదనే పడింది. సాలిడారిటీ ఏకకాలంలో ప్రభుత్వానికి రక్షణకవచంగానూ, కార్మికులకు గొంతుగానూ ఉండవలసి వచ్చింది. ఈ రెండు పాత్రలూ ఎంతోకాలం పొసగలేదు. 1993లో ఆ సంఘం సభ్యులు తెచ్చిన అవిశ్వాస తీర్మానం, తమ ఉద్యమం నుంచే పుట్టిన ప్రభుత్వాన్ని ఒక్క ఓటు తేడాతో పడగొట్టింది. తరువాతి ఎన్నికలలో పాత కమ్యూనిస్టుల వారసులే గెలిచారు. 1996లో గ్దాన్‌స్క్ కర్మాగారం దివాలా తీసింది.

మన దేశంలోనూ అధికారం చేతులు మారింది. 1977లో జైలు నుంచే లోక్‌సభకు గెలిచిన ఫెర్నాండెజ్, సరిగ్గా 1989 డిసెంబరులోనే రైల్వే మంత్రి అయ్యాడు. 1974లో ఉద్యోగాలు పోయినవారిని 1977లో వచ్చిన జనతా ప్రభుత్వం తిరిగి తీసుకుంది. 1979లో రైల్వే ఉద్యోగులకు బోనసు మంజూరైంది. ఓడిపోయిన సమ్మె, ఓట్ల పెట్టె ద్వారా కొంత ఫలించిందన్నమాట.

మరి సంఘానికి కర్తవ్యమేమిటి? గిరి జీవితంలోనే ఒక జవాబు దొరుకుతుంది. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించినప్పుడు, 1954లో ఆయన కేంద్ర కార్మిక మంత్రి పదవికి రాజీనామా చేశారు. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలే తప్ప తగవును పైనుంచి ఎవరో తీర్చడం సరికాదన్నది ఆయన సిద్ధాంతం. అలా మాట్లాడాలంటే సంఘానికి సొంత బలం ఉండాలి. పాలకుని దయ మీద ఆధారపడిన బలం బలం కాదు.

ఏ సంఘానికి గుర్తింపు ఇవ్వాలో తేల్చేందుకు రైల్వేలో 2007లో తొలిసారి రహస్య బ్యాలెట్ పెట్టారు. 2013, 2024లలో మళ్లీ జరిగింది. పట్టాలు బిగించే గ్యాంగ్‌మన్ ఓటూ, గుమాస్తా ఓటూ అక్కడ సమానమే. ప్రజాస్వామ్యం రాజధానిలో మాత్రమే ఉండేది కాదు. పనిచోట కూడా ఉండాలి. నాయకులు గద్దెనెక్కుతారు, దిగుతారు. తెల్లవారక ముందే డ్యూటీకి బయలుదేరేవాడు మాత్రం ఈ కాలనీలోనే ఉంటాడు. సంఘం ఉండవలసినదీ అతని పక్కనే.