చప్పుడు లేని కంప్యూటర్: పార్క్ లేన్ బజారులో ఒక పరిశీలన

సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ కూడలికి దగ్గరగా ఉన్న పార్క్ లేన్‌కు, ముఖ్యంగా అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, కంప్యూటర్ విడిభాగాల బజారుగా జంటనగరాలలో చాలాకాలంగా పేరుంది. సీటీసీ అని అందరూ పిలిచే ఆ భవనంలో అంతస్తు అంతస్తుకూ వరుసకట్టిన చిన్న దుకాణాలలో గాజు అరల వెనుక మదర్‌బోర్డుల పెట్టెలు, గోడలకు తగిలించిన కేబుళ్లు, నడవాలోకి పొడుచుకువచ్చిన క్యాబినెట్లు కనిపిస్తాయి. విడిభాగాలు అమ్మే చోటనే వాటిని బిగించి, ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి అప్పగించే పనీ సాగుతుంది. ఇలా కూర్చిన యంత్రాన్ని ఇక్కడ అసెంబుల్డ్ సిస్టమ్ అంటారు. దానికి ముందుగా రాసిచ్చే ధరల పట్టిక కొటేషన్. ఆ కొటేషన్‌లో గిగాహెర్ట్జ్‌లు, వాట్లు, ఫ్యాన్ల సంఖ్య పైకి కనిపిస్తాయి కాని, యంత్రం ఎంత చప్పుడు చేస్తుందో, ఎన్నేళ్లు నిలుస్తుందో తెలిపే గడి ఉండదు. ఆ రెండు ప్రశ్నలనే ముందుంచుకుని వచ్చిన కొనుగోలుదారుకు విడిభాగాల ఎంపిక ఎలా మారుతుందో, పై అంతస్తులోని ఒక చిన్న దుకాణంలో జరిగిన బేరం స్పష్టంగా చూపించింది.

ఆ కొనుగోలుదారు ఒక విశ్రాంత అధ్యాపకుడు. ఇంట్లో ఒక గదిని మూసుకుని పాఠాలు రికార్డు చేయడం, వాటిని కత్తిరించి కూర్చుకోవడం ఆయన పని. సీలింగ్ ఫ్యాన్ తిరిగే గదిలో కంప్యూటర్ చప్పుడు దాదాపు వినిపించదు కాని, మైకు పెట్టిన వేళ ఆ ఫ్యాన్ ఆపక తప్పదు గనుక, అప్పుడు గదిలో మిగిలే చప్పుడంతా కంప్యూటర్‌దే అవుతుంది. దుకాణదారు మొదట ఇచ్చిన కొటేషన్‌లో అద్దపు తలుపు క్యాబినెట్, రంగుల దీపాలున్న ఆరు ఫ్యాన్లు, ఒక గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. "ఫ్యాన్లు ఎక్కువుంటే కూలింగ్ ఎక్కువ కదా సార్" అన్నది ఆయన వాదన. ఈ మాటలో నిజం కొంతే ఉన్నది. ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి వేడి లెక్క చూడాలి.

కంప్యూటర్ వాడుకునే కరెంటు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. ఆ వేడిని బయటికి మోసుకుపోయేది గాలి. నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలి 100 వాట్ల వేడిని మోస్తే, ఆ గాలి లోపలికి వచ్చిన దానికంటే సుమారు 3.5 డిగ్రీలు వేడెక్కి బయటికి పోతుంది. గాలిని రెట్టింపు చేస్తే ఆ తేడా 1.75 డిగ్రీలకు దిగుతుంది, అంటే లాభం రెండు డిగ్రీలకు లోపే. ఆ రెట్టింపు గాలిని అదే ఫ్యాన్‌తో, వేగం రెట్టింపు చేసి రాబడితే, ఫ్యాన్ల శాస్త్రంలో వాడే స్థూల సూత్రం ప్రకారం చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. డెసిబెల్ అనేది గుణిజాల కొలత. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి చప్పుడు రమారమి రెట్టింపైనట్టు తోస్తుంది. రెండు డిగ్రీల కోసం చప్పుడును రెండింతలకు మించి పెంచుకోవడం లాభసాటి బేరం కాదు. ఇదే సూత్రాన్ని తిరగేస్తే దారి దొరుకుతుంది: ఒకే ఫ్యాన్ వేగంగా తిరిగే బదులు రెండు ఫ్యాన్లు సగం వేగంతో తిరిగితే, ఒక్కొక్కటి 15 డెసిబెల్స్ తగ్గి, రెండూ కలిసినందుకు 3 డెసిబెల్స్ తిరిగి చేరి, నికరంగా 12 డెసిబెల్స్ తగ్గుతాయి. కనుక ఫ్యాన్లు ఎక్కువ ఉండటంలో తప్పు లేదు. అవన్నీ పూర్తి వేగంతో తిరగవలసి రావడంలోనే తప్పున్నది. అసలు వేడే తక్కువ పుడితే ఫ్యాన్ల అవసరమే తగ్గుతుంది గనుక, ఎంపిక ప్రాసెసర్‌తో మొదలు కావాలి.

ప్రాసెసర్ వివరాలలో టీడీపీ అని ఒక సంఖ్య ఉంటుంది. కూలర్ ఎంత వేడిని తొలగించాలో సూచించడానికి తయారీదారు ఇచ్చే కొలమానం అది. వాడే కరెంటుకు కచ్చితమైన గరిష్ఠ పరిమితి కాదు. ఏఎండీ రైజెన్ 5 7600కు టీడీపీ 65 వాట్లు, సాకెట్ నుంచి తీసుకోగల గరిష్ఠం 88 వాట్లు. అదే తరంలోని రైజెన్ 9 7950ఎక్స్‌కు ఈ రెండూ 170, 230 వాట్లు. పాఠాల రికార్డింగుకు, మామూలు వీడియో కూర్పుకు మొదటిది సరిపోతుంది. పైగా అందులోనే చిన్నపాటి గ్రాఫిక్స్ విభాగం ఉన్నందున విడిగా కార్డు అక్కరలేదు. ఆ విధంగా కొటేషన్‌లో మొదట కొట్టివేత పడింది గ్రాఫిక్స్ కార్డు మీదనే. యంత్రంలో లేని భాగం చప్పుడూ చేయదు, చెడిపోనూ పోదు.

అంచుల దాకా నడిపించిన సిలికాన్‌కు మన్నిక సమస్య కూడా ఉంటుందని 2024లో బయటపడిన ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల ఉదంతం చూపింది. అవసరానికి మించిన వోల్టేజీ వల్ల వాటిలో కొన్ని క్రమంగా అస్థిరమయ్యాయి. ఆ సంస్థ ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ విడుదల చేసి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. అందుకే తక్కువ వాట్లతో పనిచేసే ప్రాసెసర్‌ను ఎంచుకోవడం చెవికే కాదు, యంత్రం ఆయుష్షుకూ మేలే. బజారులో ట్రే ప్రాసెసర్ అని కొంత చౌకగా దొరికేది పెట్టె లేకుండా, చాలాసార్లు తయారీదారు వారంటీ కూడా లేకుండా వస్తుంది. మన్నికను కోరేవారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

కూలర్ వంతు వచ్చేసరికి బేరం బల్ల దగ్గరికి మారింది. ప్రాసెసర్ పెట్టెలోనే వచ్చే చిన్న కూలర్ పక్కన, ఆ దుకాణంలోని టెక్నీషియన్ ఒక టవర్ కూలర్‌ను నిలబెట్టాడు. పలుచని అల్యూమినియం రేకుల దొంతర గుండా రాగి గొట్టాలు దూరి ఉన్న ఈ రకంలో, ఆ గొట్టాలను హీట్ పైపులు అంటారు. మూసివేసిన గొట్టంలోని కొద్దిపాటి ద్రవం ప్రాసెసర్ వైపు ఆవిరై, చల్లని కొసకు చేరి తిరిగి ద్రవమై, లోపలి పొర గుండా వెనక్కి పాకుతూ వేడిని చేరవేస్తుంది. ఇందులో కదిలే యంత్రభాగం ఒక్కటీ లేదు. చెడిపోతే చెడిపోవలసింది దానికి తగిలించిన ఫ్యాన్ మాత్రమే, అది పది నిమిషాలలో మార్చుకోగలిగినది. ద్రవంతో చల్లబరిచే కూలర్లలో అదనంగా ఒక పంపు ఉంటుంది. అది ఆగిపోతే కూలర్ మొత్తం మార్చవలసి రావచ్చు. 150 వాట్ల పైమాటైతే వాటికి చోటుంది కాని 88 వాట్లకు ఆ హంగు అనవసరం.

టెక్నీషియన్ రెండు ఫ్యాన్లను ఒకదాని తరువాత ఒకటి బల్లమీది సరఫరాకు తగిలించి, పక్కకు పడుకోబెట్టి, వేగం తగ్గిస్తూ చూపించాడు. మొదటిది నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు సన్నగా టిక్ టిక్ మంది. రెండవదాని నుంచి గాలి సవ్వడి తప్ప మరేమీ రాలేదు. ఆ తేడా బేరింగుది. ఇరుసు చుట్టూ నూనె పట్టిన మామూలు తొడుగు ఉండేది స్లీవ్ బేరింగ్. అందులోని నూనె కాలక్రమాన ఆరిపోతే గరగర మొదలవుతుంది. ఇరుసుకూ తొడుగుకూ మధ్య గాళ్లు చెక్కి, తిరిగే వేగంతోనే నూనె పొరను ఒత్తిడితో నిలిపి ఉంచేది ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్. ఇందులో లోహం లోహాన్ని తాకదు గనుక చప్పుడూ అరుగుదలా రెండూ తక్కువ. ఆస్ట్రియాకు చెందిన నాక్టువా సంస్థ 2018లో తెచ్చిన ఎన్‌ఎఫ్-ఏ12ఎక్స్25 అనే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌లో రెక్క కొసకూ చట్రానికీ మధ్య ఎడం అర మిల్లీమీటరే. దానికి ఆరేళ్ల వారంటీ ఉన్నది. ధర ఎక్కువ కనుక అందరికీ అదే అక్కరలేదు కాని, ఏ సంస్థదైనా 120 లేదా 140 మిల్లీమీటర్ల కొలతతో, నాలుగు పిన్నులతో ఉండే ఫ్యాన్ తీసుకోవాలి. నాలుగవ పిన్ను ద్వారా మదర్‌బోర్డు పంపే సంకేతమే వేగాన్ని నియంత్రిస్తుంది. ఆ పద్ధతిని పీడబ్ల్యూఎం అంటారు.

క్యాబినెట్ విషయంలో ఒక అపోహ బలంగా ఉన్నది. నురుగు అద్దిన మూసిన పలకలుంటే చప్పుడు బయటికి రాదని చాలామంది భావిస్తారు. పలకలు కొంత చప్పుడును ఆపుతాయన్నది నిజమే కాని, గాలి దారిని కూడా మూస్తాయి. లోపల వేడి పెరిగితే ఫ్యాన్లు వేగం పెంచుతాయి, దాంతో పలకల వల్ల వచ్చిన లాభం పోతుంది. మే నెలలో బయట 42 డిగ్రీలు దాటే హైదరాబాద్‌లో, ఎంత మంచి కూలరైనా గది ఉష్ణోగ్రత కంటే దిగువకు చల్లబరచలేదు గనుక, ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్టే మేలు. జాలీ వెనుక కడిగి పెట్టుకునే దుమ్ము వడపోత ఉండి, లోపలికి వచ్చే గాలి బయటికి పోయే గాలి కంటే కొంచెం ఎక్కువుంటే, సందుల గుండా దుమ్ము చొరబడదు. అధ్యాపకుడు అద్దపు తలుపును వద్దని, ముందు రెండు, వెనుక ఒకటి చొప్పున మూడు ఫ్యాన్లతో జాలీ క్యాబినెట్‌ను ఎంచుకున్నారు. కూలర్ ఎత్తు ఆ క్యాబినెట్‌లో పడుతుందో లేదో టెక్నీషియన్ టేపు పెట్టి కొలిచి చూశాకే ఆ పెట్టె కిందికి దిగింది.

మన్నిక మాట వచ్చినప్పుడు అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12 వోల్టులు తదితర స్థాయిలకు మార్చే పెట్టె. బజారులో లోకల్ ఎస్‌ఎంపీఎస్ అని పిలిచే చౌకరకం ఒకటి ఆ దుకాణంలో కూడా ఉన్నది. పైన పెద్ద అక్షరాలతో 450 అని ముద్రించి ఉన్న దాని పక్క చీటీలో, 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లని మాత్రమే ఉన్నది. రెండూ గుణిస్తే 192 వాట్లు. నేటి కంప్యూటర్‌లో ప్రాసెసర్, ఫ్యాన్లు ఆధారపడేది ఆ 12 వోల్టుల మీదనే గనుక, చూడవలసినది ఆ గడినే. 2004లో మొదలైన 80 ప్లస్ గుర్తింపు సామర్థ్యాన్ని తెలుపుతుంది. గోల్డ్ స్థాయి అంటే 115 వోల్టుల పరీక్షలో సగం భారం దగ్గర 90 శాతం కరెంటు పనికి చేరుతుంది, మిగిలిన పది శాతమే ఎస్‌ఎంపీఎస్‌లో వేడిగా మారుతుంది. అయితే ఆ పరీక్ష జరిగేది 23 డిగ్రీల గదిలో. మన వేసవిలో క్యాబినెట్ లోపలి వేడి అంతకంటే చాలా ఎక్కువ. ఎస్‌ఎంపీఎస్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకు సుమారు సగానికి పడిపోతుంది గనుక, 105 డిగ్రీల శ్రేణి కెపాసిటర్లున్న, అవసరానికి దాదాపు రెండింతల సామర్థ్యమున్న పెట్టె తీసుకోవడం దుబారా కాదు. భారం తక్కువగా ఉన్నప్పుడు ఫ్యాన్ పూర్తిగా ఆగిపోయే రకాలు నిశ్శబ్దం కోరేవారికి మరింత అనువైనవి.

దీనితో ముడిపడిన మరో సంగతి యూపీఎస్. కరెంటు పోయిన క్షణంలో ఇళ్లలో వాడే మామూలు యూపీఎస్ బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది; ఆ కాసేపు యంత్రాన్ని నిలిపేది ఎస్‌ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటరే. ఎస్‌ఎంపీఎస్‌లకు వర్తించే ఏటీఎక్స్ మార్గదర్శకాలు ఇందుకు సుమారు 16 మిల్లీసెకన్ల నిలుపుదలను కోరుతాయి. చౌకరకాలు ఇక్కడే పొదుపు చేయడం వల్ల, యూపీఎస్ ఉన్నా కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవడమనే ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది.

మిగతా భాగాల ఎంపిక త్వరగానే ముగిసింది. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్కు సెకనుకు 120 సార్లు కంపించి క్యాబినెట్ రేకును హోరెత్తిస్తుంది కనుక, యంత్రంలో ఎస్‌ఎస్‌డీ మాత్రమే పెట్టి, పాత పాఠాల నిల్వకు డిస్కును విడిగా, అవసరమైనప్పుడు తగిలించుకునేలా ఉంచారు. మదర్‌బోర్డులో చిప్‌సెట్ మీద చిన్న ఫ్యాన్ లేని రకాన్ని తీసుకున్నారు. 2019లో వచ్చిన ఎక్స్570 బోర్డులలో ఎక్కువ వాటికి అలాంటి ఫ్యాన్ ఉండేది, చిన్న ఫ్యాన్ వేగంగా తిరిగితే వచ్చే కీచుదనం చెవికి ఇట్టే తగులుతుంది. మెమరీని ప్రకటించిన గరిష్ఠ వేగంతో కాక ప్రామాణిక వేగంతోనే నడపాలని, రెండు పలకలను తయారీదారు సూచించిన గాళ్లలోనే పెట్టాలని టెక్నీషియన్ సూచించాడు.

బిగింపు పూర్తయ్యాక చేసిన పరీక్షలే ఈ దుకాణానికి ప్రత్యేకత. మదర్‌బోర్డు బయాస్‌లో ఫ్యాన్ల వేగరేఖను 60 డిగ్రీల వరకు దాదాపు సమంగా ఉంచి, ఆ తరువాతే పైకి లేచేలా, అది కూడా కొన్ని సెకన్ల ఆలస్యంతో స్పందించేలా సరిచేశారు. ఒకే స్థాయిలో సాగే సవ్వడిని చెవి మరచిపోతుంది కాని, పెరుగుతూ తగ్గుతూ ఉండే సవ్వడిని మరచిపోలేదు. తరువాత మెమరీ పరీక్షను రాత్రంతా నడిపి, మరునాడు ప్రాసెసర్‌ను పూర్తి భారంతో ఉంచి ఉష్ణోగ్రతలు రాసుకున్నారు. కొత్త విడిభాగాలలో లోపమున్నవి చాలావరకు మొదటి రోజులలోనే బయటపడతాయి గనుక, యంత్రం ఇల్లు చేరకముందే ఆ పని కావడం ఇరువైపులకూ మేలు. జీఎస్టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోవాలన్నది కూడా ఇక్కడ తెలిసే జాగ్రత్త. ఆ నంబరు లేనిదే వారంటీ కేంద్రంలో వాదనకు బలముండదు.

చివరి కొటేషన్‌ను మొదటిదానితో పోల్చితే మొత్తం పెద్దగా మారలేదు. మారింది డబ్బు వెళ్లిన చోటు. గ్రాఫిక్స్ కార్డు, దీపాలు, అద్దం, మూడు ఫ్యాన్లు పోయి, ఆ సొమ్ము టవర్ కూలర్‌కూ, మంచి ఎస్‌ఎంపీఎస్‌కూ, పెద్ద ఎస్‌ఎస్‌డీకీ చేరింది. నిశ్శబ్దానికి, మన్నికకు వేరు వేరుగా ఖర్చు పెట్టవలసిన అవసరం కనిపించలేదు. తక్కువ వేడి, మిగులు సామర్థ్యం అనే రెండే సూత్రాలు రెండింటినీ సాధించాయి. ఆటలకో, త్రీడీ బొమ్మల పనికో యంత్రం కావలసినవారికి ఈ పట్టిక సరిపోదు, వారి లెక్క గ్రాఫిక్స్ కార్డు వేడి దగ్గర మొదలవుతుంది. కాని లెక్క వేసే పద్ధతి మాత్రం అదే. పార్క్ లేన్‌లో కౌంటర్ దగ్గర మొదట అడిగేది బడ్జెట్ ఎంత అని. కొనుగోలుదారు దానికి జవాబు చెప్పేముందు, యంత్రం ఏ గదిలో, ఏ వేళలో, ఏ పనికి నడుస్తుందో చెప్పగలిగితే, కొటేషన్‌లోని సగం పంక్తులు తమంతట తామే మారిపోతాయి.