అగ్గిపెట్టెలో కార్లు పుట్టిన చోటు

సిరిసిల్ల నేతన్న అగ్గిపెట్టెలో పట్టే చీర నేశాడంటే మనం ముక్కున వేలేసుకుంటాం. లండన్‌లో ఒక పేట వాళ్ళు అదే అగ్గిపెట్టెలో పట్టే రోడ్డు రోలర్లు, బస్సులు, క్రేన్లు, పాలబళ్ళు చేశారు. ఒకటీ రెండూ కాదు... మంచి ఊపు మీదున్న రోజుల్లో రోజుకి దాదాపు పది లక్షలు! ఆ పేట పేరు హాక్నీ. ఆ బొమ్మల పేరు ‘మ్యాచ్‌బాక్స్’.

లండన్ వెళ్ళే మనవాళ్ళ జాబితాలో హాక్నీ ఉండదు. బిగ్ బెన్, టవర్ బ్రిడ్జి, మేడమ్ టుస్సాడ్స్ చూసి, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో నాలుగు చాక్లెట్ డబ్బాలు కొనుక్కుని తిరుగు విమానం ఎక్కేస్తారు. కానీ గాజు బీరువాలో బుల్లి కార్లు వరసగా పేర్చుకునే అలవాటున్నవాళ్ళకి ఈ తూర్పు లండన్ పేట ఒక పుణ్యక్షేత్రం లాంటిది. విచిత్రమేమిటంటే అక్కడ ఇప్పుడు గుడీ లేదు, గోపురమూ లేదు.

హోమర్టన్ స్టేషన్‌లో దిగి తూర్పు దిక్కుగా పావుగంట నడిస్తే ఒక కాలువ అడ్డొస్తుంది. లీ నది నుంచి పడవల కోసం తవ్విన కాలువ అది. పాచి పట్టిన నీళ్ళు, గట్టుకి కట్టేసిన పొడుగాటి పడవలు, వాటి మీద పూలకుండీలు, సైకిళ్ళు. అవతలి ఒడ్డున కనుచూపు మేర పచ్చటి మైదానాలు... హాక్నీ మార్షెస్. ఆదివారం పొద్దున వెళ్తే డజన్ల కొద్దీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఒకేసారి నడుస్తుంటాయి. దక్షిణంగా చూస్తే 2012 ఒలింపిక్స్ కోసం తీర్చిదిద్దిన పార్కు. ఇవతలి ఒడ్డున లీ కన్సర్వెన్సీ రోడ్డు మీద కొత్త అపార్ట్‌మెంట్లు నిలబడి ఉంటాయి. పేరు ‘మ్యాచ్‌మేకర్స్ వార్ఫ్’. కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేదో పెళ్ళిళ్ళ పేరయ్యల ఆఫీసు కాబోలనుకుంటే వాళ్ళ తప్పు కాదు! అసలు సంగతి ఆ పేరులోని ‘మ్యాచ్’లో ఉంది. లెస్నీ బొమ్మల ఫ్యాక్టరీ ఉన్నది ఇక్కడే. 2010లో పడగొట్టారు.

పాడుబడ్డ పబ్బులో పోతపని

లెస్లీ స్మిత్, రోడ్నీ స్మిత్. ఇంటిపేరు ఒకటే అయినా చుట్టరికం లేదు. బడిలో స్నేహితులు. ఇద్దరూ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి వచ్చారు. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బు కలిపి 1947 జనవరిలో కంపెనీ పెట్టారు. లెస్లీలో ‘లెస్’, రోడ్నీలో ‘నీ’ కలిపితే లెస్నీ అయింది. మన ఊళ్ళలో తమ్ముడి పేరూ అన్న పేరూ కలిపి కిరాణా కొట్టుకి బోర్డు రాయించడం లాంటిదే. ఉత్తర లండన్‌లో ‘రైఫిల్‌మ్యాన్’ అనే పాడుబడ్డ పబ్బు వాళ్ళ మొదటి కార్ఖానా. అప్పుడు వాళ్ళ మనసులో బొమ్మలు లేవు. ఫ్యాక్టరీలకి కావలసిన చిన్న చిన్న లోహపు విడిభాగాలు పోతపోసి ఇవ్వడమే పని. జాక్ ఓడెల్ అనే మరో కుర్రాడు తోడయ్యాడు. ఇంజనీరింగ్ పుస్తకాల్లో కాక చేతుల్లో ఉన్న మనిషి. లెస్నీ కథలో నిజమైన హీరో ఇతనే.

బొమ్మల ఆలోచన ఎలా వచ్చిందో చూడండి. ఏడాది చివర సరుకు లెక్కలు చూపించాల్సి వచ్చేసరికి ఫ్యాక్టరీలు ఆర్డర్లు ఆపేసేవి. యంత్రాలు ఖాళీగా ఉండేవి. ఆ ఖాళీలో ఏదో ఒకటి చేద్దామని 1948లో ఒక రోడ్డు రోలర్ బొమ్మ పోశారు. అమ్ముడుపోయింది. అంతే... పన్ను లెక్కల పుణ్యమా అని ప్రపంచంలోని పిల్లలకి ఒక బొమ్మల కంపెనీ దొరికింది.

అయినా దారి సాఫీగా లేదు. కొరియా యుద్ధం రోజుల్లో జింకుతో బొమ్మలు చేయకూడదని ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. రోడ్నీ స్మిత్ 1951లో విసిగి తప్పుకున్నాడు. అప్పటికే తయారైన రాజుగారి రథం అచ్చు మూలన పడింది. అందులో రాజూ రాణీ పక్కపక్కన కూర్చుని ఉంటారు. ఇంతలో 1952 ఫిబ్రవరిలో ఆరో జార్జి చనిపోయాడు. పట్టాభిషేకం ఎలిజబెత్‌కి. మరి రథంలో రాజునేం చేయాలి? అచ్చులో రాజు బొమ్మని నడుం దాకా చెక్కేశారు. కాళ్ళు మాత్రం ఉండిపోయాయి! ఆ కాళ్ళ కోసం ఇప్పటికీ భూతద్దం పెట్టి వెతికే సేకర్తలున్నారు. 1953 పట్టాభిషేకానికి దాని బుల్లి రూపం పది లక్షలకి పైగా అమ్ముడైంది. కంపెనీ ఒడ్డున పడింది.

కూతురు కోరిన బొమ్మ

ఇంతకీ అగ్గిపెట్టె ఎక్కడిది? ఓడెల్ కూతురు యాన్ చదివే బళ్ళో ఒక రూలు ఉండేదట. అగ్గిపెట్టెలో పట్టే బొమ్మ అయితేనే తేవాలి. ఆ పిల్ల మహా గడుసుది. అగ్గిపెట్టెలో సాలీళ్ళు పెట్టుకుని వెళ్ళేదని చెబుతారు. ఆ బెడద తప్పించడానికి తండ్రి ఇత్తడితో చిటికెడంత రోడ్డు రోలర్ చేసి పెట్టెలో పెట్టి ఇచ్చాడు. మర్నాటి నుంచి బడిలో పిల్లలందరికీ అదే కావాలి!

1953లో ‘మ్యాచ్‌బాక్స్’ వరస బజారుకొచ్చింది. ఒకటో నంబరు రోడ్డు రోలర్. రెండు, మట్టి ఎత్తిపోసే డంపర్ బండి. మూడు, సిమెంటు కలిపే మిక్సర్. గమనించారా? మొదటి మూడింటిలో కారు లేదు. యుద్ధంలో బాంబులు పడి కూలిన లండన్‌ని మళ్ళీ కడుతున్న రోజులవి. పిల్లలు గుమ్మంలో నిలబడి చూసిన బళ్ళే వాళ్ళ చేతుల్లోకి వచ్చాయి. అయిదో నంబరు ఎర్ర డబుల్ డెక్కర్ బస్సు. క్రమంగా వరస 75కి చేరి అక్కడ ఆగింది. కొత్తది రావాలంటే పాతది ఆ నంబరు ఖాళీ చేయాల్సిందే.

ఈ బొమ్మల్లో ఒక తమాషా ఉంది. కొలత బండిది కాదు, పెట్టెది. అందుకే డబుల్ డెక్కర్ బస్సూ, చిన్న వోక్స్‌వాగన్ కారూ పక్కన పెడితే ఇంచుమించు ఒకే పొడుగు. లెక్కలు చూసే పెద్దలకి ఇది లోపం. పిల్లలెవరూ ఫిర్యాదు చేసినట్టు లేదు.

తయారీ మాత్రం ఆషామాషీ కాదు. ముందు బొమ్మని పెద్ద సైజులో చెక్కి, దాన్నుంచి చిన్న ఉక్కు అచ్చు తీసేవాళ్ళు. జింకులో కాస్త అల్యూమినియం కలిపిన మిశ్రమం వాడేవాళ్ళు. జింకు 420 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. ఇనుములా మొండికేయదు. ఆ ద్రవాన్ని ఒత్తిడితో అచ్చులోకి చిమ్మితే క్షణాల్లో గట్టిపడుతుంది. తలుపు గీతలు, రేడియేటర్ జాలీ కూడా పొల్లుపోకుండా దిగుతాయి. అంచులు రుద్ది, రంగు కొట్టి, చక్రాలు బిగించి, పెట్టెలో పెట్టాలి. ఈ పనుల్లో ఎక్కువ భాగం చేసింది హాక్నీ చుట్టుపక్కల ఆడవాళ్ళు. పిల్లల్ని బడికి పంపి షిఫ్టుకి వచ్చేవాళ్ళు. వాళ్ళని ఇళ్ళ దగ్గర నుంచి తీసుకురావడానికి కంపెనీకి సొంత బస్సులుండేవి. బస్సులో వచ్చి, బస్సులు చేసి, మళ్ళీ బస్సులో ఇంటికి! లెస్నీలో ఒక దశలో పనిచేసినవాళ్ళు సుమారు ఆరు వేల మంది. తూర్పు లండన్‌లో పాత కుటుంబాలని కదిపితే పిన్నో, అత్తో, అమ్మమ్మో అక్కడ చేసినవాళ్ళు తగులుతారు. 1968లో లెస్లీ స్మిత్‌కీ, ఓడెల్‌కీ ఓబీఈ బిరుదులిచ్చారు.

నారింజ మంటల రోజులు

సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో మాటెల్ కంపెనీ ‘హాట్ వీల్స్’ వదిలింది. మొదటి విడత పదహారు కార్లు. మెరిసే రంగులు, సన్నటి ఇరుసులు, నెట్టితే జారిపోయే చక్రాలు, నారింజ రంగు ట్రాకు. లెస్నీ వాళ్ళ పాలబండీ ట్రాక్టరూ ఒక్కసారిగా తాతయ్యల్లా కనబడ్డాయి. 1969లో ‘సూపర్‌ఫాస్ట్’ చక్రాలతో లెస్నీ బదులిచ్చింది గానీ అచ్చులన్నీ మార్చుకోవడానికి తడిసి మోపెడైంది. తర్వాత మాంద్యం, ఎగుమతులని దెబ్బతీసిన పౌండు విలువ. 1982 జూన్‌లో లెస్నీ దివాలా తీసింది. హాంకాంగ్‌కి చెందిన యూనివర్సల్ కొనుక్కుంది. అచ్చులు తూర్పు దేశాలకి ఓడెక్కాయి. హాక్నీ ఆడవాళ్ళ కోసం వచ్చే బస్సులు ఆగిపోయాయి. 1992లో పేరు టైకో చేతికీ, 1997లో... ఇంకెవరు, హాట్ వీల్స్ చేసే మాటెల్ చేతికే చేరింది.

లివర్‌పూల్ కథ ఇంతకన్నా కటువు. డింకీ బొమ్మలు చేసిన మెకానో ఫ్యాక్టరీని 1979 నవంబరు చివర్లో మూసేస్తున్నట్టు కార్మికులకి అప్పటికప్పుడు చెప్పారు. వాళ్ళు బయటికి పోకుండా లోపలే బైఠాయించి నెలల తరబడి కూర్చున్నారు. ఫలితం లేకపోయింది.

ఓడెల్ మాత్రం ఊరుకోలేదు. అరవై దాటిన వయసులో ‘లెడో’ అనే కంపెనీ పెట్టి మళ్ళీ పాతకాలపు వ్యాన్లు పోతపోశాడు. లెడో అంటే ఏమిటనుకున్నారు? ఇంగ్లీషులో తన పేరునే తిరగేసి రాసుకున్నాడు. లెస్లీ స్మిత్ 2005లో, ఓడెల్ 2007లో కన్నుమూశారు.

కలకత్తా మలుపు

అచ్చు అనేది అరిగేదాకా చావదు. ఒక దేశంలో పాతబడితే ఇంకో దేశంలో కొత్త. 1960ల చివర్లో డింకీ పాత అచ్చులు కొన్ని కలకత్తా చేరాయి. దిగుమతి బొమ్మలు దొరకని కాలం కదా... అడుగున ‘డింకీ’ అన్న అక్షరాలు చెరిపి ‘నిక్కీ’ అని వేసి అమ్మారు. కార్గీ కంపెనీ అచ్చులతో అదే ఊళ్ళో ‘మిల్టన్’ కార్లు వచ్చాయి. రంగు దళసరి, పోత గరుకు. ఆ రోజుల్లో ఇవి అసలుకి నకళ్ళు. ఇప్పుడు ఇంగ్లండ్ సేకర్తలే వీటికోసం వల వేస్తున్నారు. తర్వాత తరానికి ‘లియో’ వాళ్ళు ఇక్కడే చేసిన హాట్ వీల్స్ గుర్తుంటాయి. దుబాయ్ నుంచో అమెరికా నుంచో చుట్టాలు తెచ్చిన కారు మాత్రం షోకేసులో తాళం వెనకే ఉండేది. అది పిల్లాడి కోసం తెచ్చిందే, కానీ పిల్లాడి చేతికి ఇచ్చేవాళ్ళు కాదు!

ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ సూపర్ మార్కెట్లలో హాట్ వీల్స్ కార్లు కొక్కేలకి వేలాడుతుంటాయి. ఉద్యోగాలు చేసే పెద్దవాళ్ళు పిల్లల్ని పక్కకి జరిపి మరీ వెతుకుతుంటారు. వాళ్ళ కళ్ళు వెతికేది ‘ట్రెజర్ హంట్’ కార్ల కోసం. 1995 నుంచి కంపెనీ ఏటా కొన్నింటిని తక్కువ సంఖ్యలో చేసి మామూలు వాటిలో కలిపేస్తోంది. దొరికితే లాటరీ తగిలినట్టే.

పాత మ్యాచ్‌బాక్స్‌ల వ్యాపారం వేరు. అక్కడ బండి కన్నా తేడా ముఖ్యం. చక్రాలు లోహమా, బూడిదరంగు ప్లాస్టిక్కా, నల్ల ప్లాస్టిక్కా? 30వ నంబరు క్రేను వెండిరంగులో ఉంటే చవకే. అదే బండి గోధుమరంగులో వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఒక్కోటి పదివేల డాలర్ల దాకా పలికింది. చినగని అట్టపెట్టె ఉంటే ధర ఇంకా పెరుగుతుంది. పెట్టె చినగలేదంటే ఆ ఇంట్లో ఎవరూ ఆడుకోలేదని అర్థం. బొమ్మగా అది ఓడిపోయినట్టే, కానీ బజారు దానికే దండ వేస్తుంది.

సేకర్తలు దొంగల కన్నా ఎక్కువ భయపడేది ‘జింకు చీడ’కి. మిశ్రమంలో రవ్వంత సీసం కలిసినా చాలు. ఏళ్ళు గడిచాక లోహం లోలోపల పగుళ్ళిచ్చి, ఉబ్బి, చివరికి బిస్కెట్‌లా పొడైపోతుంది. యుద్ధానికి ముందు చేసిన డింకీలు చాలావరకు ఇలాగే పోయాయి. మందు లేదు. తేమ, ఎండ తగలకుండా దాచడం ఒక్కటే దారి. స్వచ్ఛమైన లోహంతో పోసినవి నిక్షేపంగా ఉన్నాయి. డెబ్భై ఏళ్ళ నాటి మ్యాచ్‌బాక్స్ రోలర్‌ని ఇవాళ బల్ల మీద నెట్టినా దొర్లుతుంది.

ఫ్యాక్టరీ చోట ఉన్న మ్యాచ్‌మేకర్స్ వార్ఫ్‌లో ఇళ్ళతో పాటు కళాకారుల స్టూడియోలూ ఉన్నాయి. వెళ్ళాలనుకునేవాళ్ళు స్ట్రాట్‌ఫర్డ్‌లో ఓవర్‌గ్రౌండ్ రైలెక్కితే రెండో స్టేషనే హోమర్టన్. కాలువ గట్టున నడవడానికి టికెట్టు లేదు. బొమ్మలు కూడా చూడాలంటే బెత్నల్ గ్రీన్‌లోని ‘యంగ్ వీ అండ్ ఏ’ మ్యూజియానికి వెళ్ళాలి. పాత బాలల మ్యూజియమే 2023లో ఈ పేరుతో మళ్ళీ తెరుచుకుంది. ప్రవేశం ఉచితం. పిల్లలు వెంట ఉంటే కాస్త ఎక్కువ టైము పెట్టుకుని వెళ్ళండి.