టీస్

పిత్తాశయాన్ని మా ఇంట్లో పిత్తా అంటాం. ఆ మాటకు మూలం సంస్కృతం. తెలుగులోకీ వచ్చింది, ఉర్దూలోకీ వచ్చింది. ఈ అవయవం దగ్గర నా రెండు భాషలకూ పేచీ లేదు. నిరుడు దాన్నే కోసి తీసేశారు. పేచీ నొప్పి దగ్గర మొదలయింది.

ఇప్పుడు ఈ ఆపరేషను చాలామందికి పొట్ట మీద నాలుగు చిన్న కోతలతో అయిపోతుంది. ఒక్కోటి అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా ఉంటుంది. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె అనే సర్జన్ మొదట ఇట్లా చేశాడు. అంతకుముందు కుడి డొక్క కింద జానెడు కోత. మా అమ్మీకి పడింది అదే. నొప్పి అని ఆమె ఎన్నడూ అనలేదు. ‘పిత్తా మార్నా’ అని ఉర్దూలో ఒక మాట ఉంది. కోపాన్ని చంపుకుని ఓర్చుకోవడమని అర్థం. పిత్తా తీయకముందూ, తీసిన తర్వాతా అమ్మీ చేసింది ఆ పనే.

ఆపరేషను మరునాడు డ్యూటీ డాక్టరు వచ్చి నొప్పి ఎట్లా ఉందని అడిగాడు. బొడ్డు దగ్గరి కోతలో పొడిచినట్టు లేచి, సన్నగా సాగి, ఆగి, మళ్లీ లేస్తోంది. దాన్ని మేం టీస్ అంటాం. ఉర్దూ ప్రకటనలను తెలుగు వార్తలుగా మార్చడం నా ఉద్యోగం. అయినా ఆ ఒక్క మాటకు సాటి మాట దొరకలేదు. పోటు అంటే మొద్దుగా ఉంది. సలుపు అంటే ఎడతెగనిది. చివరికి ‘పోటూ సలుపూ కలిసినట్టుంది’ అన్నాను.

‘తెలుగు బాగా మాట్లాడతారే!’ అన్నాడాయన.

నేను పుట్టింది నల్లగొండలో. బి.ఏ. చదివింది తెలుగు మీడియంలో. నా నొప్పి సంగతి అక్కడే ఆగిపోయింది. కేసుషీటు మీద పేరు ఇంకోసారి చూసి, ‘మీవాళ్లకు బిర్యానీలు, మాంసాలు ఎక్కువ గదా, రాళ్లు రాక ఏమవుతాయి’ అని నవ్వాడు. నాకు నవ్వే వీలు కూడా లేదు. నవ్వితే కుట్లు లాగుతాయి.

పక్క మంచం మీద ఒక ముసలాయన. మెడలో తులసి పూసలు. జన్మలో మాంసం ముట్టలేదట. ఆయనకూ అదే ఆపరేషను. ఆయన రాళ్లకు మాత్రం ఎవరూ మతం అంటగట్టలేదు. పిత్తంలో కొలెస్టరాల్ ఎక్కువై గడ్డకట్టినా రాళ్లు పుడతాయి. వయసు, ఒంటి బరువు, బరువు ఒక్కసారిగా తగ్గడం, ఆడవాళ్లకు కాన్పులు, ఇవన్నీ కారణాలే. ఇది డాక్టరుకు తెలియక కాదు. నా పేరు చూశాక ఆయనకు వేరే కారణం అక్కరలేకపోయింది.

దగ్గేటప్పుడు దిండును పొట్టకు అదుముకోమని నర్సమ్మ నాకు నేర్పింది. నేను ముసలాయనకు చూపించాను. ‘గుంజుతుంది బిడ్డా’ అన్నాడు. మేం ఖించావ్ అంటాం. ఇద్దరం దిండ్లు పట్టుకుని దగ్గాం. వంగలేనివాళ్లు కూర్చుని సైగలతో నమాజు చేసుకోవచ్చు. నేను మంచం మీద అట్లా చేసుకుంటుంటే ఆయన ఫోన్లో భజన తగ్గించాడు. తగ్గించమని ఎవరూ అడగలేదు.

రెండోనాడు కుడి భుజం నొప్పి పట్టుకుంది. అక్కడ కోత లేదు, దెబ్బ లేదు. ఆపరేషనప్పుడు పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ గాలి నింపుతారు. అది ఊపిరితిత్తుల కింది పొరను ఒరిపిడి పెడుతుంది. ఆ పొరకు పోయే నరమూ, భుజానికి పోయే నరాలూ మెడలో ఒకే చోట మొదలవుతాయి. అందుకని గాయం ఒకచోట ఉంటే నొప్పి ఇంకోచోట తెలుస్తుంది.

నాకిది కొత్త కాదు. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలింది అయోధ్యలో. నేనప్పుడు బడి పిల్లవాణ్ణి. మా గల్లీలో ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. కానీ అబ్బా చాలా రోజులు బస్సెక్కే ముందు టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎక్కడో జరిగినదానికి మీకెందుకు నొప్పి అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు.

భుజం మీద గాయం చూపించమని నన్ను ఏ డాక్టరూ అడగలేదు. నొప్పి ఉందంటే నమ్మి, రెండు మూడు రోజుల్లో తగ్గుతుందని చెప్పారు. తగ్గింది. కోతలూ మానాయి. రెండో నొప్పికి మాత్రం ఇంకా రుజువు చూపించమంటున్నారు.