చేవ్రాలు చేయుటకు ముందు

పొలము కౌలు, బంగారము ధర, పిల్లల చదువు ఖర్చు – వీనిని గూర్చి మనము గంటలకొలది మాటలాడుదుము. పన్ను కాగితముల ప్రసంగము వచ్చినంతనే “అది మగవారి పని” యని లేచిపోవుదుము. అమెరికాలో నుద్యోగము చేయు భర్తయు, స్వదేశమున నిలిచిన భార్యయు గల యిండ్లు మన తెలుగునాట నేడు లెక్కకు మిక్కిలి. అట్టి యింట నేటేట ఏప్రిల్ 15వ తేదికి ముందు ఒక ప్రశ్న పుట్టును: అచ్చటి ఆదాయపు పన్ను రిటర్ను దంపతులు కలిసి దాఖలు చేయవలెనా, భర్త విడిగా చేయవలెనా? ఈ ప్రశ్న భార్యకు సంబంధించినంతగా మరెవరికిని సంబంధింపదని నా యభిప్రాయము.

మన దేశమున భార్యాభర్తల కుమ్మడి రిటర్ను లేదు. ఎవరి పాన్ కార్డు వారిది, ఎవరి లెక్క వారిది. అమెరికాలో నట్లు కాదు. 1948వ సంవత్సరపు చట్టము మొదలు, దంపతులు కలిసి లెక్క చూపినచో వారి యాదాయమును ఇరువురికి సగము సగముగా పంచినట్లు భావించి తక్కువ పన్ను వేయుట అచ్చట నాచారమైనది. డిసెంబరు 31వ తేదిన వివాహితుడై యున్నవాడు ఆ సంవత్సరమంతయు వివాహితుడే. భార్య సముద్రముల కావల నున్నను, “నే నొంటరిగా నున్నాను గదా” యని అవివాహితుల గడిలో గుర్తు పెట్టుటకు వీలులేదు.

భార్య అమెరికా పౌరురాలు గాని, అచ్చట నివాసినిగా నెంచబడునది గాని కానిచో, భర్త వివాహితుడుగా విడిగా దాఖలు చేయుట సామాన్య నియమము. అప్పుడు భార్య సంతకముతో బనిలేదు; ఆమె సొంత యాదాయము నెవ్వరు నడుగరు. అయితే 1976లో మరియొక మార్గము తెరచిరి. సంవత్సరాంతమునకు భర్త అచ్చటి పన్ను చట్టము ననుసరించి నివాసియైనచో, “నా భార్యనుగూడ నివాసినిగా భావింపుడు” అని యిరువురును సంతకము చేసిన ప్రకటనము జతపరచి, ఉమ్మడి రిటర్ను వేయవచ్చును. ఆమె అమెరికా గడప త్రొక్కకున్నను సరియే.

ఇందలి లాభము చిన్నది కాదు. మావారు ఓహాయో రాష్ట్రమున నుద్యోగము చేయుచున్నారు. అత్తగారి యనారోగ్యముచే నేను తెనాలిలో నిలిచితిని. 2024వ సంవత్సరమున వారి జీతము లక్ష డాలర్లు. విడిగా దాఖలు చేసినచో పన్ను లేకుండ విడిచిపెట్టు మొత్తము 14,600 డాలర్లు. కలిసి చేసినచో 29,200. పన్ను మెట్లును వెడల్పగును. లెక్క వేయగా మొదటి పద్ధతిని కేంద్ర ప్రభుత్వపు పన్ను 13,841 డాలర్లు, రెండవ పద్ధతిని 8,032 డాలర్లు. భేదము 5,809 డాలర్లు. రాష్ట్రపు పన్ను లెక్క వేరు.

మావారు కాగితములు పంపి, “ఇది లాంఛనము మాత్రమే, సంతకము చేసి పంపుము” అని ఫోనులో చెప్పిరి. “ఏమండీ, అందులో నా పేర నేమి వ్రాసినారు?” అని యడిగితిని. ఏమియు వ్రాయలేదనిరి. పుట్టినింటివారు నాకు పసుపు కుంకుమల క్రింద నిచ్చిన పొలము కలదు. దాని కౌలును, బ్యాంకు వడ్డీయు కలిపి యేటికి సుమారు 3,35,000 రూపాయలు, అనగా నించుమించు 4,000 డాలర్లు వచ్చును. “నీ పొలముపై మన దేశముననే పన్ను లేదే, అమెరికాకు దానితో నేమి పని?” అని వారు ఆశ్చర్యపడిరి.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. నివాసినిగా భావింపబడుట కొప్పుకొన్న నాటినుండి భార్య ప్రపంచమున నెచ్చట నార్జించినను ఆ యాదాయము అమెరికా లెక్కకు వచ్చును. వ్యవసాయాదాయముపై మన కేంద్ర ప్రభుత్వము పన్ను వేయకపోవుట మన చట్టపు దయ. అచ్చటి చట్టమున కా దయ లేదు. పబ్లిక్ ప్రావిడెంటు ఫండు వడ్డీ సంగతియు నిట్టిదే. ఇచ్చట పన్ను చెల్లించియున్నచో దానికి అచ్చట కొంత తగ్గింపు లభించును. చెల్లింపనిదానికి తగ్గింపెట్లు వచ్చును? మా యాడిటరుగారు లెక్క సరిచూడగా నా యాదాయముపై 480 డాలర్ల పన్ను హెచ్చినది. అది పోగా 5,329 డాలర్లు మిగిలినవి. అనగా నాలుగు లక్షల రూపాయలకు మించిన మాట. 480 డాలర్ల నిమిత్తము అసత్యపు కాగితముపై చేవ్రాలు చేయుట యెవరికి మేలు? ఆ రిటర్నుపై సంతకము “ఇందున్న దంతయు సత్యము, అసత్యమైన శిక్షార్హురాలను” అను ప్రమాణమే కదా.

అంతకన్న గొప్ప సంగతి వేరొకటి కలదు. ఉమ్మడి రిటర్నుపై సంతకము చేసిన యిరువురిలో ప్రతివారును మొత్తము పన్నునకు బాధ్యులు. భర్త తన యాదాయము దాచినను, ఆ బాకీని భార్య నడుగు హక్కు ప్రభుత్వమునకు గలదు. విడాకులైనను, భర్తయే చెల్లింపవలెనని న్యాయస్థానము తీర్పు చెప్పినను, ఆ హక్కు పోదు. నిర్దోషియైన భార్యకు కొంత రక్షణము 1971లో కల్పించి 1998లో విస్తరించిరి. కాని దానిని కోరి, తనకు తెలియదని ఋజువు చేసికొనవలసిన భారము ఆమెదే.

మేము సరిచేసిన రిటర్ను మొదటి పుటనుండి తుదివరకు చదివి సంతకము చేసితిని. ప్రతి యొకటి నా పెట్టెలో భద్రపరచుకొంటిని. నాకు అమెరికా సంఖ్య లేనందున ఐ.టి.ఐ.ఎన్. కొరకు పాసుపోర్టు ఋజువుతో దరఖాస్తు పెట్టవలసి వచ్చెను. అది పన్ను నిమిత్తమైన సంఖ్య మాత్రమే. వీసా కాదు, ఉద్యోగానుమతి కాదు. మా యిరువురి పేర నిచ్చటనున్న బ్యాంకు ఖాతాలతో మావారి విదేశ ఖాతాల మొత్తము 10,000 డాలర్లు దాటినచో, వారు వేరుగ నొక నివేదిక పంపవలెననియు నప్పుడే తెలిసినది.

తొందరపడనవసరము లేదు. మొదట విడిగా దాఖలు చేసినవారు పిమ్మట సామాన్యముగా మూడేండ్లలోపల ఉమ్మడిగా సవరించుకొనవచ్చును. ఉమ్మడిగా వేసిన పిదప, గడువు తేది దాటినచో, విడిగా మార్చుటకు వీలులేదు. నివాసిని యను నొప్పుదల ఒక్క సంవత్సరముతో తీరదు, రద్దగువరకు సాగును. ఇరువురిలో నెవరైనను దానిని రద్దు చేయవచ్చును గాని, ఒకసారి రద్దయినచో ఆ దంపతులకు మరల నా యవకాశము రాదు.

కాబట్టి నిర్ణయము ఇంటింటికి వేరు. భార్యకు స్వల్పాదాయమై, భర్త లెక్కలు తేటగా నున్నచో కలిసి దాఖలు చేయుట లాభము. భార్యకే పెద్ద జీతమో, ఆస్తిపై విశేషమైన రాబడియో యున్నచో రెండు విధములను లెక్కవేసి చూడవలెను. భర్త వ్యాపారపు లెక్కలు చూపనిచో, కాపురమున సందేహము గలిగినచో, విడిగా నుండుటయే క్షేమము. హెచ్చు పన్ను ఆ క్షేమమునకు మూల్యము. ఏ మార్గమైనను అడుగవలసిన ప్రశ్నలు మూడే: ఇందు నా యాదాయమంతయు నున్నదా? వారి యాదాయమంతయు నున్నదా? దీని ప్రతి నాకు వచ్చునా? ఈ మూడింటికి “అవును” అను సమాధానము వచ్చిన పిమ్మటనే కలము చేతబట్టుడు. అడిగిన భార్యను అవిశ్వాసురాలని యెంచు భర్తకు, లెక్క తెలిసిన భార్య సంసారమునకు కాపు అని మెల్లగా నచ్చజెప్పుడు.